పొరుగు గదిలోని ప్రపంచము

"విశ్వవిద్యాలయము" అను మాటను మనము దినమునకు ఎన్ని మారులో వాడుదుము. పరీక్షలు, ఫలితములు, ప్రవేశములు, పట్టములు వీనిని గూర్చి పలుకునపుడెల్ల ఆ మాట మన నోట వచ్చుచునే యుండును. కాని ఆ మాటలోని మొదటి భాగము "విశ్వము" అను సంగతి మనకు స్ఫురించుట అరుదు. ఇంగ్లీషువారి యూనివర్సిటీ అను పదమునకు మూలమైన లాటిను మాటకు, గురువులును విద్యార్థులును చేరి యేర్పడిన సంఘము అని మాత్రమే అర్థము. మన దేశమువారు దానిని తమ భాషలలోనికి తెచ్చుకొనునపుడు ఏకముగా విశ్వమునే తెచ్చి ముంగిట నిలిపినారు. మాట పెద్దదైనది. ఆ మాటకు తగిన నడవడి మన విద్యాలయముల ఆవరణలలో ఎంతవరకు ఉన్నదో కొంచెము విచారించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

చదువుకొరకు దేశములు దాటుట నేడు మన ఇండ్లలో సామాన్య విషయమైనది. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేలకు పైబడి యుండిరి. ఆ యేట అక్కడి విదేశ విద్యార్థుల సంఖ్యలో చైనాను దాటి మన దేశము మొదటి స్థానమునకు వచ్చినది. వారిలో తెలుగువారి పాలు ఎంతటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కోస్తా గ్రామములలోనైనను, తెలంగాణ పట్టణములలోనైనను, ఏ వీధిలో చూచినను ఒక ఇంటివారైనను తెల్లవారుజామున లేచి సముద్రముల కావల నున్న బిడ్డతో మాటలాడుచుందురు.

ఇక మన దేశమునకు చదువుకొనవచ్చిన పరదేశీయుల సంగతి. ప్రభుత్వము జరిపిన ఉన్నతవిద్యా సర్వేక్షణము ప్రకారము 2021-22లో వారి సంఖ్య 47 వేలకు లోపుగనే యున్నది. దేశములవారీగా చూచినచో అందు నేపాలువారు మొదటివారు. పంపుటలో మనకున్న ఉత్సాహము పిలుచుకొనుటలో లేదని ఈ అంకెలే చెప్పుచున్నవి. అయినను సంఖ్య తక్కువ యగుట అంతగా చింతింపవలసిన విషయము కాదు. వచ్చిన ఆ కొద్దిమందితో మనమెట్లు మెలగుచున్నామనునది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను ఒకానొకడు తనకు తాను వేసికొనుటవలన ఒక గొప్ప కార్యమునకు అంకురార్పణ జరిగినది. 1909వ సంవత్సరము, న్యూయార్కు నగరము. వై.ఎం.సి.ఎ. సంస్థలో పనిచేయుచుండిన హారీ ఎడ్మండ్స్ అను యువకుడు ఒకనాటి చలి ఉదయమున కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు మెట్లపై పోవుచు, ఎదురైన ఒక చైనా విద్యార్థికి మర్యాదకొరకు శుభోదయము చెప్పెను. చెప్పి తన దారిని పోబోయెను. ఆ విద్యార్థి నిలిచి కృతజ్ఞత తెలిపెను. తాను ఆ నగరమునకు వచ్చి మూడు వారములైనదనియు, ఇంతవరకు తనతో మాటలాడిన మొదటి మనిషి ఈతడేననియు చెప్పెను. లక్షలకొలది జనులు సంచరించు నగరమది. వేలకొలది విద్యార్థులు చదువు ఆవరణ అది. ఆ పిల్లవానిని పలకరించిన పాపమున పోయినవారు ఒక్కరును లేరు.

ఎడ్మండ్స్ ఇంటికి పోయి ఆ మాటను భార్యతో చెప్పెను. దంపతులిరువురును ఆలోచించి ఆదివారములందు పరదేశ విద్యార్థులను తమ ఇంటికి ఫలహారమునకు పిలువసాగిరి. వచ్చువారి సంఖ్య పెరిగినది, ఇల్లు చాలకపోయినది, విద్యార్థుల సంఘమొకటి యేర్పడినది. కడపట జాన్ డి. రాక్‌ఫెల్లర్ కుమారుని ధనసహాయముతో 1924లో హడ్సను నదికి సమీపమున "అంతర్జాతీయ గృహము" వెలసినది. కేవలము వసతియే ఉద్దేశమైనచో సత్రము చాలును గదా! ఆ గృహములో ఒక విశేషమున్నది. పరదేశీయులతో పాటు అమెరికా విద్యార్థులును అందు నివసింతురు. అతిథులు మాత్రమే యుండి గృహస్థు లేని ఇల్లు ఇల్లు కాదని ఎడ్మండ్స్ గ్రహించినాడు.

ఇట్టి రెండవ గృహము కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమునొద్ద 1930లో తెరువబడినది. దానికి ఎడ్మండ్స్ కోరి ఎంచుకొనిన స్థలము పీడ్‌మాంట్ వీధి. ఆ వీధి పొడవునను ఉన్నవి విద్యార్థి సంఘముల గృహములు. పరదేశీయులను, తెల్లవారు కానివారిని వానిలో చేర్చుకొనుట లేదు. అట్టి వీధిలోనే ఆయన ఈ ఇంటిని నిలుపదలచినాడు. పలు జాతులవారును, స్త్రీపురుషులును ఒకే కప్పు క్రింద నుండుట కూడదని ఊరివారు అడ్డుతగిలిరి. ఎనిమిదివందలకు పైగా జనులు సభ చేరి నిరసించిరి. ఆ సభలో లేచి గృహమునకు అనుకూలముగ మాటలాడినవారిలో డెలైలా బీస్లీ అను నీగ్రోజాతి పత్రికారచయిత్రి యొకతె. అంతమంది ఎదుట ఒక స్త్రీ నిలిచి ఆ మాట చెప్పుటకు ఎంత గుండెదిటవు కావలెనో ఊహింపవచ్చును. ఇంటిని కట్టుటకు ధనవంతుని సొమ్ము కావలసినదే గాని, దానిని నిలుపుటకు ఇట్టివారి ధైర్యము కావలసివచ్చినది.

ఆ కాలముననే అమెరికాలోని మరికొన్ని విశ్వవిద్యాలయములలో ఇట్టి సంఘములుండెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున 1904లోనే "కాస్మోపాలిటన్ క్లబ్బు" అను పేర పరదేశ విద్యార్థుల సంఘమేర్పడినది. మొదటి మహాయుద్ధానంతరము దానికి అధ్యక్షుడుగా నుండినవాడు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అను ఇంగ్లీషు యువకుడు. ఆయన అక్కడ వ్యవసాయశాస్త్రము చదువుచు, అప్పులలో మునిగిన సంఘముకొరకు విరాళములు పోగుచేయుచుండెను. రవీంద్రనాథ ఠాకూరు 1921లో న్యూయార్కున నున్నపుడు ఈ యువకుని పిలిపించి మాటలాడినారు. ఆ సంవత్సరాంతముననే ఎల్మ్‌హర్స్ట్ బెంగాలు చేరినాడు. 1922లో శాంతినికేతనమునకు ప్రక్కనున్న సురుల్ గ్రామమున శ్రీనికేతనమను గ్రామోద్ధరణ సంస్థ ప్రారంభమైనది. ఈ కథకు మన దేశముతో సంబంధము కలిగినది ఇక్కడనే.

శ్రీనికేతనమున ఎల్మ్‌హర్స్ట్ చేసిన మొదటి పాఠము గ్రంథములలోనిది కాదు. మరుగుదొడ్ల పనిని విద్యార్థులు తామే చేసికొనవలెనని నియమించి, వారితో పాటు తానును పార పట్టినాడు. ఉన్నత కులముల పిల్లలకు అది ఎంత కష్టమైన పాఠమో మనకు తెలియును. ఒక ఇంగ్లీషువానికిని కొందరు బెంగాలీ బాలురకును నడుమ పరిచయము ఉపన్యాసములవలన గాక చేతిలోని పారవలన కలిగినది. పరదేశీయుడు తన దేశమును గూర్చి మనకు చెప్పుటయే గాదు, మన దేశమున మనకు కనబడని దానిని మనకు చూపును. పరసంస్కృతుల పరిచయమువలన కలుగు లాభములలో ఇది ముఖ్యమైనదని మా తలంపు.

రవీంద్రులు విశ్వభారతిని విధ్యుక్తముగ ప్రారంభించినది 1921 డిసెంబరు 23న. ప్రపంచమంతయు ఒక్క గూడుగా నుండు తావని దానికి ఆదర్శము. ఆదర్శవాక్యములు వ్రాసికొనని సంస్థ ఉండదు. కాని దానిని ఆచరణలో పెట్టుట ఎట్లో వారు ఎరుగుదురు. మొదటి సంవత్సరముననే పారిసునుండి సిల్వాన్ లెవీ పండితుని రప్పించి చీనా, టిబెటు భాషలు బోధింపజేసినారు. పొరుగువారి భాష రానిదే పొరుగువారు తెలియరని వారి నిశ్చయము.

చైనాలోని హునాను ప్రాంతమువాడైన తాన్ యున్-షాన్ 1927లో సింగపూరున రవీంద్రులను కలిసికొని, మరుసటి సంవత్సరము శాంతినికేతనము వచ్చినాడు. ఆయన విద్యార్థులకు చీనాభాష నేర్పుచు, తాను సంస్కృతము నేర్చుకొనినాడు. ఒక పూట గురువు, ఒక పూట శిష్యుడు. తరువాత స్వదేశమునకు పోయి ధనమును, గ్రంథములను సేకరించి తెచ్చినాడు. వాని ఫలముగ 1937 ఏప్రిలు 14న, బెంగాలీల సంవత్సరాదినాడు, చీనాభవనము తెరువబడినది. 1962లో ఇరు దేశములకును సరిహద్దు యుద్ధము వచ్చినది. చీనావారనిన అనుమానముతో చూచు దినములవి. అప్పుడును తాన్ యున్-షాన్ ఈ దేశమును విడువలేదు. 1983లో బుద్ధగయలో ఆయన కన్నుమూసినారు. రెండు ప్రభుత్వముల నడుమ మాట తెగినపుడును, ఒక విద్యాలయపు ఆవరణలో మాట తెగకుండ నిలువగలదని ఆయన జీవితము చెప్పుచున్నది.

ఇదియంతయు పరదేశముల గొడవయో, బెంగాలీల గొడవయో యని శ్రోతలనుకొనవచ్చును. కాదు. తెలుగు నేలపైననే, పదునేడువందల ఏండ్లకు పూర్వము, ఇట్టి విద్యాస్థానము వర్ధిల్లినది. కృష్ణా తీరమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి, నేటి నాగార్జునకొండ, ఆ స్థానము. వీరపురుషదత్తుని కాలమున బోధిశ్రీ యను ఉపాసిక ఒకతె వేయించిన శిలాశాసనము అక్కడ దొరకినది. ఆమె సింహళమునుండి వచ్చిన ఆచార్యులకొరకు చైత్యగృహమును కట్టించినట్లు అందున్నది. ఆ ఆచార్యులు ధర్మబోధ చేసిన దేశముల పట్టిక యొకటి అందే కనబడును. కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగము, వనవాసి, యవనము, ద్రమిళము, సింహళద్వీపము మొదలగు పేర్లు ఆ పట్టికలో నున్నవి. అక్కడ సింహళవిహారమును ప్రత్యేకముగ నుండెడిది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగిన పిమ్మట, నీట మునుగబోవు ఆ లోయను త్రవ్వి శిథిలములను వెలికితీసి కొండపైకి చేర్చినారు. నేడు పడవనెక్కి ఆ ద్వీపమునకు పోవు మన విద్యార్థులు ఆ రాళ్లను చూచి ఛాయాచిత్రములు తీసికొని వత్తురు. దూరదేశమునుండి వచ్చిన గురువునకు ఒక తెలుగు స్త్రీ ఇల్లు కట్టించి యిచ్చినదను మాట ఆ రాళ్లపై వ్రాసియున్నదని వారికి చెప్పువారెందరు?

ఇంతవరకు పరుల గొప్పను చెప్పినాము. ఇక మా పొరపాటు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మా కేంద్రమున పరదేశ విద్యార్థులతో గోష్ఠి యొకటి ఏర్పాటు చేసినాము. వచ్చినవారిలో ఇథియోపియా విద్యార్థి యొకడు. నేలల శాస్త్రములో పరిశోధన చేయుచున్నవాడు. మేమాయనను ఏమేమి యడిగితిమో తలచుకొనిన నేటికిని సిగ్గగుచున్నది. మా వంటలలో మీకేది నచ్చినది? మా ఊరగాయ కారమునకు తాళగలిగినారా? మీ దేశపు పాట యొకటి పాడెదరా? ఆయన ఓర్పుతో అన్నిటికి జవాబు చెప్పినాడు. అడిగినందున ఒక పాట కూడ పాడినాడు. శబ్దగ్రహణ యంత్రము ఆపివేసినాము. కార్యక్రమము చక్కగ వచ్చినదనుకొన్నాము.

పిమ్మట అందరమును కాంటీనులో కూర్చుంటిమి. ఆయన యెదుట అట్టు పెట్టినారు. ఒక ముక్క త్రుంచి చూచి ఆయన చిరునవ్వు నవ్వినాడు. తమ దేశమున టెఫ్ అను సన్నని గింజ యొకటి పండుననియు, దాని పిండిని కలిపి రెండు మూడు దినములు పులియనిచ్చి వెడల్పైన పెనముపై పోసి ఇంజెరా యను అట్టును వేయుదురనియు, దానిని ఒకే పళ్లెములో పెట్టుకొని ఇంటిల్లిపాదియు చుట్టుచేరి తిందురనియు చెప్పినాడు. అటనుండి మాట టెఫ్ పండు నేలలకు పోయినది. తమ ఎత్తు ప్రదేశములందలి నల్లరేగడికిని మన నల్లరేగడికిని గల పోలికకు పోయినది. వాన వచ్చినపుడు నీరు నిలిచి, ఎండకు నెఱ్ఱెలు విచ్చు ఆ నేలతో రైతు పడు పాట్లకు పోయినది. మేము నోరు తెఱచుకొని వింటిమి. మన కర్నూలు, అనంతపురము రైతులు వినవలసిన మాటలవి. మా శబ్దగ్రహణ యంత్రము స్టూడియోలో మూతపడి యున్నది!

లేచిపోవునపుడు ఆయన మృదువుగ మరియొక మాట చెప్పినాడు. గోష్ఠి పొడవునను మేమాయనను ఆయన తండ్రి పేరుతో పిలిచితిమట. ఇథియోపియాలో ఇంటిపేర్లు లేవు. మొదటిది తన పేరు, రెండవది తండ్రి పేరు. రెండవ పేరు పెట్టి పిలుచుట గౌరవమని మేమనుకొన్నాము. అది ఇంగ్లీషువారి పద్ధతి గాని ఆయనది కాదు, మనది అసలే కాదు. మన ఇంటిపేరు ముందుండును. అమెరికాకు పోయిన మన పిల్లలను అచ్చటివారు ఇంటిపేరుతోనో, సగము విరిచిన పేరుతోనో పిలుచుచున్నారని మనము నొచ్చుకొందుము. అదే పనిని మా ఇంటికి వచ్చిన అతిథికి మేము చేసినాము. ఆ గోష్ఠి ప్రసారమైనది. బాగున్నదని ఉత్తరములును వచ్చినవి. మాకు మాత్రము ఆ ఉత్తరములు సంతోషమును కలిగింపలేదు.

ఇవి చిన్న నొప్పులు. ఎరుక లేనిచోట చిన్న నొప్పి పెద్ద గాయమగుటకు ఎంతో కాలము పట్టదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున ఓలేతా పట్టణములో, హైదరాబాదునుండి పోయి అక్కడ చదివి ఉద్యోగము చేసికొనుచుండిన ఒక తెలుగు ఇంజనీరును, తన దేశమును విడిచి పొమ్మని కేకలు వేయుచు ఒకడు కాల్చి చంపినాడు. అడ్డుపడబోయిన అమెరికా పౌరుడొకడు తానును గుండు దెబ్బ తిన్నాడు. ఆ వార్త విని మన ఊళ్లన్నియు దుఃఖించినవి. తల్లులు బిడ్డలకు ఫోను చేసి వీధిలో తెలుగు మాటలాడవద్దని చెప్పిన దినములవి.

ఆ మరుసటి నెలలో ఢిల్లీకి చేరువనున్న గ్రేటర్ నోయిడాలో ఒక స్థానిక యువకుడు మరణించినాడు. అందుకు కారకులు నైజీరియావారని ఆధారము లేని అనుమానము పుట్టినది. మార్చి 27న గుంపులు బయలుదేరి అంగడిలో కనబడిన నైజీరియా విద్యార్థులను కుర్చీలతో, కఱ్ఱలతో మోదినవి. వారును తల్లిదండ్రులను విడిచి చదువుకొరకు వచ్చినవారే. వారి తల్లులును తెల్లవారుజామున ఫోనుకొరకు ఎదురుచూచువారే. మొదటి వార్తకు కలిగిన దుఃఖములో సగమైనను రెండవదానికి మనకు కలిగినదా? ఈ ప్రశ్నను ఎవరికి వారు వేసికొనవలసినదే గాని, మేము జవాబు చెప్పునది కాదు. ఒకటి మాత్రము నిజము. ఆ గుంపులోనివారెవరును ఆ విద్యార్థులలో ఒక్కని పేరైనను ఎరిగియుండరు. పేరు తెలిసి, కలిసి భోజనము చేసిన మనిషిపై కఱ్ఱ లేచుట అంత సులభము కాదు.

అందువలన ప్రపంచజ్ఞానమనునది విద్యార్థికి అలంకారము కాదు, అవసరము. దానిని మన ఆవరణలలో పెంపొందించుట ఎట్లు? ఏడాదికొకమారు అంతర్జాతీయ దినోత్సవము జరిపి, జెండాలు కట్టి, పరదేశ విద్యార్థులచే వారి వేషములు వేయించి, నాట్యము చేయించి, చప్పట్లు చరచి పంపివేయుట ఇప్పటి వాడుక. అది చెడ్డదని మేమనము. కాని మరునాడు ఆ విద్యార్థి గ్రంథాలయములో ఒంటరిగా కూర్చుండినచో ఆ చప్పట్ల వలన ఫలమేమి?

మొదట నేర్వవలసినది పేరు. ఎదుటివాని పేరును ఆతడెట్లు పలుకునో అట్లు పలుకనేర్చుట, ఏ పేరుతో పిలువవలెనో ఆతనినే అడుగుట. ఒక్క నిమిషపు పని. కాని ఆ నిమిషము మనమిచ్చుట లేదు.

రెండవది ప్రశ్న. "మీ ఆఫ్రికాలో" అని మొదలుపెట్టిన ప్రశ్నకు మంచి జవాబు రాదు. ఆఫ్రికా ఒక దేశము కాదు, ఏబదికి పైగా దేశములు. బర్మాకును, అరేబియాకును కలిపి "మీ ఆసియాలో" అని మనలనెవరైన ప్రశ్నించినచో మనమేమని చెప్పగలము? దేశమును గూర్చి గాక మనిషిని గూర్చి అడుగవలెను. నీవేమి చదువుచున్నావు, ఎందులకు చదువుచున్నావు, ఇక్కడ నీకు కష్టమైనదేది అని యడుగవలెను. చివరి ప్రశ్నకు వచ్చు జవాబు మనకు రుచింపకపోవచ్చును. దానిని కోపము లేక వినగలుగుటయే మూడవ విద్య. మూటిలో అదియే కష్టమైనది.

భాష విషయమున మనకు గొప్ప వసతి కలదు. హైదరాబాదులో 1958లో ఆంగ్లభాషాబోధనకై నెలకొల్పబడిన కేంద్రసంస్థ క్రమముగ పెరిగి 2007లో ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమైనది. అరబ్బీ, ఫ్రెంచి, జర్మను, రష్యను, స్పానిషు, చీనా, జపాను భాషలు అక్కడ నేర్పుచున్నారు. భారత సాంస్కృతిక సంబంధముల మండలి 1950లో ఏర్పడినది మొదలు, దాని విద్యార్థివేతనములతో ఎన్నో దేశములవారు మన విశ్వవిద్యాలయములకు వచ్చి చదువుకొనినారు. ఒకవైపు అరబ్బీ నేర్వగోరు తెలుగు విద్యార్థి, వేరొకవైపు బజారులో కూరగాయల ధర అడుగుటకు నాలుగు తెలుగు మాటలు రాక తికమకపడు యెమెను విద్యార్థి. ఈ ఇద్దరిని కలిపి వారమునకు రెండు గంటలు కూర్చుండబెట్టినచో, ఒక గంట ఇతడు గురువు, ఒక గంట అతడు గురువు. ఖర్చు లేని పని. తాన్ యున్-షాన్ శాంతినికేతనమున చేసినది ఇదియే గదా!

వసతిగృహముల విషయమున ఎడ్మండ్స్ నేర్పిన పాఠము మరువరానిది. పరదేశీయులకు వేరొక భవనము కట్టి, వేరొక వంటశాల పెట్టి, దానికి ఆతిథ్యమని పేరుపెట్టుట సులభము. వారి తిండి, వారి ప్రార్థనలు వారికి దక్కవలసినదే. అయినను, అన్ని భవనములును వేరువేరైనపుడు కలిసికొను చోటొకటైనను ఉండవలెను. ఒక భోజనశాలయో, ఒక పఠనమందిరమో, సాయంకాలము కూర్చుండు ఒక అరుగో ఏర్పాటు చేయుట కష్టమైన పని కాదు.

ఇంకొక మాట. పరదేశీయుడు లేని కళాశాలకు ఈ విద్యతో పని లేదనుకొనరాదు. ఆదిలాబాదునుండి వచ్చిన గోండు విద్యార్థి, భద్రాచల ప్రాంతమునుండి వచ్చిన కోయ విద్యార్థి మన వసతిగృహములలో మన పొరుగు గదులలోనే యున్నారు. గోండీ భాష తెలుగునకు తోబుట్టువు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతులలో ఆ భాషకు ప్రత్యేకమైన లిపి కనబడినది. 2018లో ఆ లిపికి కంప్యూటరు అక్షరముల అంతర్జాతీయ పట్టికలో చోటు దొరకినది. ప్రపంచము గుర్తించిన ఆ లిపిని, పొరుగు గదిలో నుండి గుర్తింపని విద్యార్థి పారిసు పోయి మాత్రము ఏమి చూడగలడు? ఇంటి ప్రక్క భాషలో నీళ్లనేమందురో అడిగి తెలిసికొనినవాడు, సముద్రము దాటిన పిమ్మటను అడుగగలడు. ఇంట అలవడని గుణము విమానమెక్కినంతనే అలవడదు.

పలకరింపు మన జాతికి క్రొత్త విద్య కాదు. ఎర్రబస్సులో ప్రక్కన కూర్చున్న మనిషిని "ఏ ఊరండీ మీది?" అని యడుగక పది మైళ్లు ప్రయాణము చేయు తెలుగువాడు లేడు. ఊరికి క్రొత్తవాడు వచ్చినచో "ఎవరింటికి బాబూ? భోజనమైనదా?" అని అరుగుమీది ముసలమ్మ అడుగును. ఆ ముసలమ్మ విశ్వవిద్యాలయమున చదివినది కాదు. ఆమె మనుమలు మాత్రము విశ్వవిద్యాలయమున ప్రవేశించి, అదేమి చిత్రమో, ఆ ప్రశ్నను అరుగుమీదనే విడిచి వచ్చినారు.

న్యూయార్కు గ్రంథాలయపు మెట్లమీది చైనా విద్యార్థి మూడు వారములు ఎదురుచూచినాడు. మన విద్యాలయముల మెట్లమీద ఈ సాయంకాలము ఎవరు కూర్చుండియున్నారో, ఎన్ని వారములుగ ఎదురుచూచుచున్నారో ఈ ప్రసంగము వినుచున్న విద్యార్థులు రేపటి ఉదయమున చూతురుగాక. చూచినపుడు మొదట పేరు అడుగుడు. అటుపైని భోజనమైనదా యని అడుగుడు.